తాతమ్మ పుట్టిల్లు ఏ గోదావరి అవతల?

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ప్రశ్న (హైదరాబాదు నుంచి ఒక పాఠకురాలు): మా నాన్నగారి తాతగారిది రాజోలు దగ్గర ఒక పల్లె. పెళ్ళయిన కొన్నేళ్ళకు ఆయన కుటుంబంతో రంగం (బర్మాలోని రంగూను) వెళ్ళారని, యుద్ధం రోజుల్లో కట్టుబట్టలతో తిరిగి వచ్చారని, తర్వాత అందరూ తణుకు వైపు చేరారని నాన్నగారు చెప్పేవారు. నాన్నగారు పోయి మూడేళ్ళయింది. ఆయన ఉండగా అడగవలసినవి అడగలేదన్న బాధ నన్ను వదలడం లేదు. ఇప్పుడు మా దగ్గర మిగిలినవి ఒక పాత క్రయ దస్తావేజు జిరాక్సు, తాతమ్మది అని చెప్పుకొనే ఒక ఇత్తడి బిందె, తణుకులో ఉన్న మా మేనత్త తరచుగా అనే "మా నాయనమ్మ పుట్టిల్లు గోదావరి అవతల" అన్న మాట మాత్రమే. బిందె మెడ మీద చుక్కలుగా కొట్టిన అక్షరాల్లో "రక్తాక్షి" అన్న మాట, దాని పక్కన "క" అన్న అక్షరం చదవగలిగాం. మా ఇంటిపేరు "మ"తో మొదలవుతుంది కాబట్టి ఆ బిందె ఎవరి దగ్గరో కొన్నదేమో అనుకున్నాం. 72 ఏళ్ళ మా అమ్మ, 16 ఏళ్ళ మా అమ్మాయి, నేను కారులో ఐదు రోజులు తిరిగి మా వాళ్ళ మూలాలు తెలుసుకోవాలనుకుంటున్నాం. ఎప్పుడు బయలుదేరాలి, ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ కార్యాలయాలకు వెళ్ళాలి?

జవాబు: ముందుగా ఆ బిందెను జాగ్రత్తగా దాచండి. మీరు పంపిన వివరాల్లో అన్నిటికంటే విలువైనది అదే. ఇంటిపేరు కలవలేదని దాన్ని పక్కన పెట్టారు కానీ, నన్ను అడిగితే కలవకపోవడమే దాని విలువ. ఆడపిల్లకు సారెలో ఇచ్చే సామాను మీద ఇచ్చిన వారి పేరు కొట్టించడం మన వైపు ఇళ్ళల్లో చాలా కాలంగా ఉన్న అలవాటు. కాబట్టి ఆ "క" మీ తాతమ్మ పుట్టింటి వారి ఇంటిపేరులో మొదటి అక్షరం కావడానికే ఎక్కువ అవకాశం ఉంది. చింతపండుతో తోమకండి, పాలిష్ పెట్టించకండి, ఎందుకంటే చుక్కలు ఒకసారి అరిగిపోతే మళ్ళీ రావు. సాయంత్రం వేళ గదిలో దీపాలన్నీ ఆర్పి, టార్చిలైటును బిందె మెడకు ఆనించినట్టుగా పక్క నుంచి వేసి ఫోటోలు తీయించండి. చుక్కల నీడలు పడి, పైనుంచి చూసినప్పుడు కనిపించని అక్షరాలు కూడా తేలే అవకాశం ఉంది.

ఇక రక్తాక్షి. అరవై సంవత్సరాల వరుసలో అది యాభై ఎనిమిదవది. 1864లో వచ్చింది, 1924లో వచ్చింది, 1984లో మళ్ళీ వచ్చింది. మీ ముత్తాతగారు పెళ్ళయ్యాక రంగం వెళ్ళి యుద్ధకాలంలో తిరిగి వచ్చారంటే, ఈ మూడింటిలో పొసిగేది 1924 ఉగాది నుంచి 1925 ఉగాది దాకా నడిచిన రక్తాక్షి ఒక్కటే. పెళ్ళి మాఘంలోనో ఫాల్గుణంలోనో జరిగి ఉంటే ఇంగ్లీషు లెక్కలో అది 1925 అవుతుంది. ఈ తేడా మరచిపోయి 1924 రికార్డులు మాత్రమే తిరగేసి లేదనుకుని వెనక్కి వచ్చేవారు ఉన్నారు. రెవెన్యూ కాగితాల్లో కనిపించే ఫసలీకి (శిస్తు లెక్కల సంవత్సరానికి) లెక్క వేరు. ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, అది జులై 1న మొదలై మరుసటి జూన్ 30తో ముగుస్తుంది. అంటే 1924 జులై నుంచి 1925 జూన్ దాకా 1334 ఫసలీ.

కారు తలుపు తీయకముందే చేయవలసిన పని ఇంకొకటి ఉంది. తణుకు వెళ్ళి మీ మేనత్తగారి దగ్గర రెండు పూటలు కూర్చోండి. ఫోనులో అడిగితే "నాకేం గుర్తుందమ్మా" అంటారు. బిందెను ఎదురుగా పెట్టి, పక్కన కూర్చుని, ఆవిడ మాటలు ఫోనులో రికార్డు చేస్తామని ముందే చెప్పి అడగండి. "మీ నాయనమ్మ పుట్టిల్లు ఏ ఊరు" అన్న ప్రశ్నకు ఆవిడ దగ్గర జవాబు ఉంటే ఇన్నేళ్ళలో ఎప్పుడో చెప్పి ఉండేవారు. చిన్నప్పుడు వేసవికి ఎవరింటికి పంపేవారు, ఏ రేవులో పడవెక్కేవారు, దిగాక ఎంతసేపు నడిచేవారు, నాయనమ్మ తమ్ముణ్ణి ఏమని పిలిచేవారు, ఏ అమ్మవారి జాతరకు వెళ్ళేవారు, ఎవరి పెళ్ళిలో కొత్త బట్టలు పెట్టారు అని అడగండి. మనుషుల పేర్లు మరచిపోయిన పెద్దవాళ్ళకు కూడా రేవులు, జాతరలు, పెళ్ళి భోజనాలు గుర్తుంటాయి. మా అమ్మమ్మ తన మేనమామ ఊరి పేరు చెప్పలేకపోయింది కానీ, లాకుల (కాలవలో నీటిమట్టం మార్చే గేట్ల) దగ్గర పడవ ఆగితే నీళ్ళు నిండేలోగా గట్టు మీద జామకాయలు కొనుక్కునేవాళ్ళమని చెప్పింది. ఆ లాకులు పట్టుకుని మేము ఊరు పట్టుకున్నాం.

"గోదావరి అవతల" అన్న మాటను కూడా అలాగే విడదీయాలి, ఎందుకంటే డెల్టాలో అవతల ఒకటి కాదు. ధవళేశ్వరం దాటాక నది గౌతమి, వశిష్ఠ అని చీలుతుంది. వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. రాజోలు ప్రాంతం వశిష్ఠకు, వైనతేయకు మధ్యన ఉంది. ఆ గడ్డ మీద నిలబడి "అవతల" అన్నవారు పడమర చూస్తూ అంటే నర్సాపురం, పాలకొల్లు వైపు. తూర్పు చూస్తూ అంటే అమలాపురం వైపు. రెండూ కాకుండా గౌతమి కూడా దాటాలని అర్థమైతే యానాం, కాకినాడ వైపు. మేనత్తగారు తణుకులో కూర్చుని ఆ మాట అంటున్నారన్నది కూడా మరచిపోకండి. ఆవిడకు ఇప్పుడు కోనసీమ మొత్తం వశిష్ఠకు అవతలే. మాట నాయనమ్మ నోటి నుంచి విన్నదా, తాను తణుకు నుంచి చూసి అంటున్నదా అన్నది తేలితే మీ వెతుకులాట సగానికి తగ్గుతుంది.

ఇప్పటి రోడ్డు మ్యాపు చూసి దూరాలు లెక్క కట్టడం ఈ పనిలో మనం చేసే పెద్ద పొరపాటు. కాటన్ దొర ఆధ్వర్యంలో ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయ్యాక, తవ్విన కాలవలు పంటకు నీళ్ళివ్వడంతో పాటు పడవలు నడవడానికి కూడా పనికొచ్చేలా లాకులతో కట్టారు. మీ తాతమ్మ పెళ్ళినాటికి ఈ ప్రాంతంలో బంధుత్వాలు చాలావరకు కాలవ వెంట, రేవు వెంట నడిచినవే. సఖినేటిపల్లి, నర్సాపురం వశిష్ఠకు అటొకటి ఇటొకటిగా ఎదురెదురుగా ఉన్నాయి. రేవు దాటితే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వచ్చినట్టే, అయినా ఇవాళ అవి రెండు వేర్వేరు జిల్లాల్లో ఉన్నాయి. పిల్లనిచ్చిన ఇల్లు, పిల్లను తెచ్చుకున్న ఇల్లు కారులో వెళితే దూరంగా, పంటు (నది దాటించే పెద్ద పడవ) మీద వెళితే దగ్గరగా ఉంటాయి. అందుకని ఒక పెద్ద కాగితం మీద నదీపాయలు, కాలవలు, లాకులు, రేవులు మాత్రమే గీసి, మీకు తెలిసిన ఊళ్ళను వాటి మీద గుర్తు పెట్టండి. రోడ్లు తర్వాత గీయవచ్చు.

ఇంటిపేరు వెంట వెళ్ళేవారు ఒకే ఊళ్ళో ఒకే వరుసలో తాతలను పేర్చుకుంటూ పోయి, మూడో తరం దగ్గర ఆగిపోతారు. దానికి కారణం కూడా ఉంది. మనవడికి తాత పేరు పెట్టడం మన ఆచారం కాబట్టి ఒకే ఇంట్లో ఒకే పేరు తరం విడిచి తరం వస్తుంది, ఏ కాగితంలో ఉన్నది ఏ తాతో తేలదు. ఆ చిక్కుముడి విప్పేది వాళ్ళ భార్యలు, వాళ్ళ పుట్టిళ్ళు. ఫలానా ఊరి ఆడపడుచును చేసుకున్నాయన అంటే ఇద్దరిలో ఎవరో వెంటనే తెలుస్తుంది. అందుకే మీ దారిని మీ ఇంటిపేరున్న పల్లెతో కాక, మీ తాతమ్మ పుట్టిల్లు లక్ష్యంగా గీసుకోమని నేను గట్టిగా చెబుతాను. మన వంశవృక్షాల్లో ఆడవారి పేర్లు రాయకుండా వదిలేసిన తప్పును సరిదిద్దడం కూడా అందులో ఉంది.

ఈ మాట నా సొంత అనుభవంతో చెబుతున్నాను. మొదటిసారి ఒక రిజిస్ట్రేషను కార్యాలయానికి నేను ఇంటిపేరు, ఊరు పేరు మాత్రమే పట్టుకుని వెళ్ళాను. ఏ సంవత్సరం, ఎవరి పేరు మీద అని అక్కడివారు అడిగితే చెప్పలేక తిరిగి వచ్చాను. ఏడాది తర్వాత మా అమ్మమ్మ తల్లి పేరు, పెళ్ళి జరిగిన ఐదారేళ్ళ వ్యవధి తెలుసుకుని వెళితే, పసుపు కుంకుమ కింద ఆవిడకు పుట్టింటి వారు రాసిచ్చిన అరవై సెంట్ల భూమి దస్తావేజు నకలు దొరికింది. అందులోని ఊరు పట్టుకుని వెళితే, ఆవిడ అన్నగారి మనవడి ఇంట్లో ఇనప్పెట్టెలో అసలు కాగితాలు ఉన్నాయి. ఆ భూమినే ఆవిడ తర్వాత అమ్మినప్పుడు రాసిన దస్తావేజు కూడా వాటిలో ఉంది. చివర ఊదారంగు సిరాతో చిన్న వేలిముద్ర, దాని పక్కన దస్తావేజు రాసే రాయసకాడు రాసిన "ఈమె నిశానీ" అన్న మాట. నేను ఫోటోలో కూడా చూడని మనిషి బొటనవేలు అది. ఎంతసేపు చూశానో నాకే తెలియదు.

మీ దగ్గరున్న దస్తావేజు జిరాక్సు విషయానికి వద్దాం. దాని చివర ఎన్నో పుస్తకం, ఎన్నో వాల్యూము, ఏ పేజీలు, ఏ నంబరుగా రిజిస్టరు అయిందన్నది ఉంటుంది. కార్యాలయంలో అడగడానికి మీకు కావలసినవి ఆ నంబరు, సంవత్సరం, కార్యాలయం పేరు. ఆ తర్వాత హద్దులు చదవండి. తూర్పున ఫలానావారి భూమి, దక్షిణాన ఫలానావారి బోదె అని రాసే నాలుగు వరుసలను చాలామంది దాటేస్తారు. ఇరుగు పొరుగు భూములు ఎక్కువగా అన్నదమ్ములవో, వియ్యాలవారివో అయి ఉంటాయి కాబట్టి హద్దుల్లో "క"తో మొదలయ్యే ఇంటిపేరు ఉందేమో వెతకండి. ఆన్‌లైన్లో ఈసీ (ఆస్తి లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) 1983 నుంచి మాత్రమే దొరుకుతుంది. అంతకు ముందువాటికి సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో దరఖాస్తు పెట్టి, పేర్ల వారీగా ఒకటి, ఆస్తి వారీగా ఒకటి ఉండే ఇండెక్సు పుస్తకాల్లో వెతికించుకోవాలి. క్రయ దస్తావేజుల కంటే పారీఖత్తులు (వాటాల పంపకం పత్రాలు), వీలునామాలు, పసుపు కుంకుమల దఖలు దస్తావేజులు మీకు ఎక్కువ ఉపయోగపడతాయి. అన్నదమ్ములు, ఆడపడుచులు, వారి భర్తలు, ఊళ్ళు ఒకేచోట కనిపించేది వాటిలోనే.

జిల్లా పేరు చూసి తికమక పడకండి. 1859లో రాజమండ్రి జిల్లా పోయి గోదావరి జిల్లా వచ్చింది. 1904లో ఏలూరు, తణుకు, భీమవరం, నర్సాపురం వైపు తాలూకాలు కృష్ణా జిల్లాలో కలిశాయి. 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడి, పాత గోదావరి జిల్లా తూర్పు గోదావరి అయింది. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లాతో పాటు మిగిలిన కొత్త జిల్లాలు వచ్చాయి. కాబట్టి 1924లో నర్సాపురంలో రాసిన కాగితం మీద కృష్ణా జిల్లా అని ఉంటే అది వేరే నర్సాపురం అనుకోకండి. ఆ కాలపు ప్రభుత్వ రికార్డుల్లో చాలా భాగం చెన్నైలో ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉంది, కానీ ఈ ఐదు రోజుల్లో దాని జోలికి వెళ్ళవద్దు.

తాసీల్దారు కార్యాలయంలో పాత అడంగళ్ళు, రీసెటిల్‌మెంట్ రిజిస్టరు, మన వైపు డైగ్లాట్ అని పిలిచే రిజిస్టరు గురించి అడగవచ్చు. అక్కడికి పాత సర్వే నంబరుతో వెళ్ళండి. రీసర్వే పూర్తయిన గ్రామాల్లో ఇప్పుడు ఎల్‌పీఎం (కొత్త భూభాగ పటం) నంబర్లు వచ్చాయి కాబట్టి, మీ దస్తావేజులోని నంబరు ఇప్పటి ఏ నంబరుకు సరిపోతుందో గ్రామ సచివాలయంలో సర్వేయరును అడిగి రాసుకోండి. కరణం, మునసబు పదవులు 1984లో రద్దయినా ఆ కుటుంబాలు ఊళ్ళోనే ఉన్నచోట ఒకసారి పలకరించడం మంచిది. కాగితం దొరకకపోయినా గొలుసుకట్టు రాత చదవగలిగిన పెద్దమనిషి దొరికితే అది చిన్న విషయం కాదు. మీ అమ్మాయికి ఈలోగా తెలుగు అంకెలు నేర్పించండి. దస్తావేజులు, శిలాఫలకాలు తనే చదువుతుంది, ఈ ప్రయాణంలో తనకూ ఒక పని ఉంటుంది.

రంగం సంగతి. కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచి స్టీమర్లలో మనవాళ్ళు వేలమంది రంగూను వెళ్ళారు. కోరంగి రేవు పేరు మీదుగా బర్మాలో తెలుగువారిని కోరంగీలు అనేవారు. 1941 డిసెంబరు 23న రంగూను మీద బాంబులు పడ్డాక ఓడల్లో చోటు దొరికినవారు ఓడల్లో, దొరకనివారు అరకాను మీదుగానో మణిపురం మీదుగానో కాలినడకన బయలుదేరారు. మీ ముత్తాతగారు ఏ దారిన వచ్చారో మేనత్తగారికి తెలిసి ఉండవచ్చు, తప్పక అడగండి. తిరిగి వచ్చిన కుటుంబాలు చాలావరకు ముందు ఆడవారి పుట్టిళ్ళలోనే తలదాచుకున్నాయి. 1942లో మీవాళ్ళు మొదట ఏ ఊళ్ళో దిగారన్న ప్రశ్నకు వచ్చే జవాబే తాతమ్మ పుట్టిల్లు కావచ్చు. ఆ ఊరి ప్రాథమిక పాఠశాలలో 1942, 1943 ప్రవేశాల రిజిస్టరు మిగిలి ఉంటే, మీ తాతగారి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అందులో ఉండే అవకాశం ఉంది.

కార్యాలయాల బయట కూడా రికార్డులున్నాయి. తద్దినాలు పెట్టే ఇళ్ళలో పురోహితుడు తండ్రి, తాత, ముత్తాతల పేర్లే కాక తల్లి, నాయనమ్మ, ఆ పై తరం ఆవిడ పేర్లు కూడా చెప్పిస్తారు. కన్యాదాన సమయంలో చెప్పే ప్రవరలో మూడు తరాలు వస్తాయి. క్రైస్తవ కుటుంబాలకు బాప్తిస్మపు రిజిస్టర్లు ఆధారం. నర్సాపురంలో మిషనరీల పని 1830లలోనే మొదలైంది, లూథరన్ సంఘాలు కూడా పాతవే. వంశాలను గానం చేసే వంశరాజులు, భట్రాజులు మీ కుటుంబానికి ఉండేవారేమో ఊళ్ళో పెద్దలను అడగండి. సత్రం గోడ మీద, గుడి గంట మీద, బడి గుమ్మం మీద దాతల పేర్లు చూడకుండా ముందుకు కదలకండి.

ఎప్పుడు వెళ్ళాలన్నదానికి నా జవాబు సంక్రాంతి పండగ పూర్తిగా వెళ్ళిన మరునాడు. పండగ మూడు రోజుల్లో రోడ్లు, బసలు నిండిపోతాయి, కార్యాలయాలు మూసి ఉంటాయి. ముక్కనుమ దాటాక కార్యాలయాలు తెరుస్తారు, పండక్కి వచ్చిన దూరపు బంధువులు ఇంకా ఊళ్ళోనే ఉంటారు, పెద్దవాళ్ళు అరుగుల మీద ఎండలో కూర్చుని ఉంటారు. జులై నుంచి సెప్టెంబరు దాకా వరద భయం, పంటులు ఆపేస్తారు. అక్టోబరు, నవంబరులు తుఫానుల నెలలు. మాఘంలో భీష్మ ఏకాదశి ముందూ వెనకా అంతర్వేది తీర్థం వల్ల రాజోలు వైపు రోడ్లు కిటకిటలాడతాయి. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి కాబట్టి ఆ రోజుల్లో ఈ పని పెట్టుకోవద్దు. రెండో శనివారం, ఆదివారం మధ్యలో పడకుండా చూసుకోండి.

ఐదు రోజుల్లో మూడు ఊళ్ళకు మించి పెట్టుకోకండి. మొదటి రోజు ప్రయాణంతోనే సరిపోతుంది. తణుకులో ఆగి మేనత్తగారిని కూడా ఎక్కించుకోగలిగితే అంతకంటే మేలు లేదు. రెండో రోజు రావులపాలెం, కొత్తపేట మీదుగా అమలాపురం చేరి బస అక్కడే పెట్టుకోండి. మూడో రోజంతా రాజోలు దగ్గరి మీ పల్లెకే ఇవ్వండి. నాలుగో రోజు ఉదయం రాజోలు కార్యాలయాల పని చూసుకుని, మధ్యాహ్నం సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నర్సాపురం దాటండి. చించినాడ వంతెన మీదుగా కారులో వెళ్ళవచ్చు, కానీ మీ తాతమ్మ కాపురానికి వచ్చింది నీటి మీదుగానే అయి ఉంటుంది. డ్రైవరును కారుతో వంతెన మీదుగా పంపి, మీ నలుగురూ పంటు మీద వెళ్ళండి. అవతలి గట్టు దగ్గరయ్యే కొద్దీ మేనత్తగారికి ఏం గుర్తొస్తుందో రికార్డు చేయడానికి అమ్మాయిని సిద్ధంగా ఉంచండి. ఐదో రోజును ఖాళీగా వదలండి, నాలుగో రోజు దొరికిన ఆచూకీకి అది కావాలి. కాలవ గట్ల మీద రోడ్లు ఇరుకు, చీకటి పడ్డాక ఆ దారుల్లో కారు నడపవద్దు.

ఊళ్ళోకి వెళ్ళాక మీ మొదటి మాటతోనే పని జరగడమో చెడడమో తేలుతుంది. హైదరాబాదు నంబరు కారు ఇంటి ముందు ఆగి, దిగినవారు సర్వే నంబర్లు, దస్తావేజులు అంటే, వాటా కోసం వచ్చారని ఎవరైనా అనుకుంటారు. అలా అనుకోవడంలో వారి తప్పేమీ లేదు. దస్తావేజు సంచిలోనే ఉంచి బిందెను చేత్తో పట్టుకుని వెళ్ళండి. అమ్మగారిని ముందు నడవనివ్వండి. "మా తాతమ్మ ఈ ఊరి ఆడపడుచని విన్నాం, ఆవిడ పుట్టిన ఇల్లు ఒకసారి చూసి దణ్ణం పెట్టుకుని పోదామని వచ్చాం" అని చెప్పండి. ఆస్తి మాట మీకు అక్కర్లేదని మొదట్లోనే స్పష్టంగా అనండి. చెల్లెలి బిడ్డల బిడ్డలు వచ్చారంటే కాఫీ ఇవ్వకుండా పంపే ఇల్లు కోనసీమలో నేను చూడలేదు. రెండో పెళ్ళిళ్ళు, దత్తతలు, మాటలు లేని పగలు బయటపడితే విని ఊరుకోండి; నలుగురిలో తరచి అడగవద్దు, ఇంటికి వచ్చాక తేదీ వేసి రాసుకోండి.

ప్రశ్న (విజయవాడ నుంచి ఒక పాఠకుడు): మా అమ్మమ్మగారిది ముమ్మిడివరం దగ్గర ఊరు. పెళ్ళి మాత్రం 1930 తర్వాత యానాంలో జరిగిందట. అక్కడ మాకు చుట్టాలెవరూ లేరు. అది నిజమేనా, నిజమైతే ఆధారం దొరుకుతుందా?

జవాబు: నిజం కావడానికి పూర్తి అవకాశం ఉంది. ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 ఏళ్ళు నిండనిదే పెళ్ళి చేయరాదన్న శారదా చట్టం 1929లో వచ్చి 1930 ఏప్రిల్ నుంచి అమలైంది. అది బ్రిటిషు వారి పాలనలో ఉన్న ఊళ్ళకే వర్తించేది. యానాం 1954 దాకా ఫ్రెంచి వారి చేతిలో ఉంది కాబట్టి, చిన్నపిల్లలకు పెళ్ళి చేయదలచిన ఇరుగుపొరుగు కుటుంబాలు గౌతమి దాటి యానాం వెళ్ళి ముహూర్తాలు పెట్టుకునేవి. ఆ ఊరికి కల్యాణపురం అన్న పేరు కూడా ఉంది. మీ అమ్మమ్మగారి వయసు అప్పటికి ఎంతో లెక్క వేస్తే మీకే అర్థమవుతుంది. ఆ విషయం ఆమె చెప్పకుండా ఉండి ఉంటే దానికి కారణం కూడా తెలుస్తుంది.

ఫ్రెంచి పాలనలో పుట్టుకలు, పెళ్ళిళ్ళు, చావులు నమోదు చేసే పద్ధతి ఉండేది. అయితే బయటి నుంచి వచ్చి పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయిన వారందరూ నమోదు చేయించుకున్నారని ఆశపడవద్దు. యానాం పురపాలక కార్యాలయంలో ముందు అడగండి. రాత ఫ్రెంచిలో ఉంటుంది, మన పేర్లు ఫ్రెంచి ఉచ్చారణలో కనిపిస్తాయి కాబట్టి ఒక పేరుకు నాలుగైదు వర్ణక్రమాలు రాసుకుని వెళ్ళండి. కాగితం దొరకకపోతే పెళ్ళి ఏ సత్రంలోనో, ఏ గుడిలోనో జరిగిందో మీ ఇంటి పెద్దలను అడిగి ఆ చోటు చూసి రండి. ఎదుర్లంక దగ్గర ఇప్పుడు వంతెన ఉంది, అప్పట్లో మాత్రం పెళ్ళివారు పడవల్లోనే దాటారు.

ప్రశ్న (బెంగళూరు నుంచి ఒక పాఠకుడు): మా తాతగారి లంక గ్రామం కోతకు గురై గోదావరిలో కలిసిపోయింది. లేని ఊరికి ఎలా వెళ్ళాలి?

జవాబు: ఊరు పోయినా ఊరివారు ఎక్కడికో వెళ్ళి ఉంటారు, ఎక్కువ సందర్భాల్లో ఎదురుగా ఉన్న గట్టుకే. ముందు ఆ గట్టు మీద కాలనీల పేర్లు వాకబు చేయండి, పాత ఊరి పేరే వాటికి పెట్టుకుని ఉండవచ్చు. ఆ తర్వాత గ్రామదేవత ఎక్కడుందో అడగండి. లంకలు ఖాళీ చేసినప్పుడు జనం అమ్మవారిని కూడా తీసుకువెళ్ళి కొత్తచోట నిలుపుతారు, ఆ గుడి దగ్గర ఇప్పటికీ జాతర చేసేవారు మీ తాతగారి ఊరివారే అయి ఉంటారు. పాత గ్రామ పటం నకలు కోసం సర్వే శాఖలో దరఖాస్తు చేయండి. దాన్ని పట్టుకుని వెళితే, 1986 వరద నాటికి ఊళ్ళో పెరిగి పెద్దవారైన మనిషి ఎవరైనా పడవలో మిమ్మల్ని తీసుకువెళ్ళి, నీటి మీద వేలు పెట్టి మీ ఇల్లు ఎక్కడుండేదో చూపించగలరు. వేసవిలో నీరు తగ్గినప్పుడు వెళ్ళండి, ఇసుక మేటల మీద పాత నూతుల ఒరలు బయటపడి కనిపించే చోట్లున్నాయి.